తెల్లబట్ట గురించి అడిగితే అందరూ "ఏం లేదు" అంటున్నారు, సర్వే ఎలా చేయాలి?

ఎంపీహెచ్_రెండో_ఏడాది
ప్రాజెక్టు కోసం రెండు ఊళ్లలో పెళ్లయిన ఆడవాళ్లను తెల్లబట్ట, పొత్తికడుపు నొప్పి, ముట్టు ఇబ్బందుల గురించి అడుగుతున్నాను. ఇప్పటికి 40 మందిని కలిస్తే 31 మంది "నాకేం లేదమ్మా, మంచిగనే ఉన్న" అన్నారు. వాకిట్లో కూర్చుని అడుగుతుంటే అత్త పక్కనే బియ్యం ఏరుకుంటూ వింటూ ఉంటుంది. నిన్న ఒకామె నాకేమీ లేదని చెప్పి వేలిముద్ర కూడా వేసి, నేను వెళ్తుంటే గేటు దాకా వచ్చి గొంతు తగ్గించి "రెండేండ్ల సంది ఉంది బిడ్డా, రాసుకోకు" అంది. రాయలేదు. ఈ లెక్కలతో రిపోర్టు ఇస్తే అబద్ధం రాసినట్టే కదా అని టెన్షన్‌గా ఉంది.

కమ్యూనిటీ_మెడిసిన్
గడ్చిరోలి స్టడీ చదివారా? కాళేశ్వరం దగ్గర గోదావరి దాటితే వచ్చే మహారాష్ట్ర జిల్లానే అది. డాక్టర్ రాణీ బంగ్, అభయ్ బంగ్ వాళ్లు రెండు ఊళ్లలో 650 మందిని చూసి 1989లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో రాశారు. వాళ్లలో బాధ ఉందన్నది 55 శాతమే, మిగతా 45 శాతం ఏ బాధా లేదన్నారు. తీరా పరీక్ష చేస్తే 92 శాతం మందికి ఏదో ఒక స్త్రీ సంబంధ జబ్బు, సగటున ఒక్కొక్కరికి 3.6 జబ్బులు. అంతకుముందు వీటికి పరీక్ష, వైద్యం అందింది 8 శాతం మందికే! మీకు పరీక్ష చేసే వీలు లేదు కాబట్టి "జబ్బు ఇంతమందికి ఉంది" అని రాయకండి, "చెప్పుకున్నవాళ్లు ఇంతమంది" అని రాయండి, అది అబద్ధం కాదు.

రిటైర్డ్_ఏఎన్ఎం
అత్త ముందు ఎవరు చెప్తారు తల్లీ. మొదటి రోజు ఫారం సంచిలోంచి తీయకు. ఆశా అమ్మాయిని తోడు తీసుకుని అంగన్‌వాడీలో తలుపు వేసుకుని కూర్చో. తెల్లబట్ట అనే మాట ముందే ఎత్తకు, నడుము లాగుతుందా, నీరసంగా ఉంటుందా అని మొదలుపెడితే మిగతాది వాళ్లే చెప్తారు, 28 ఏళ్లు నేను అలాగే అడిగాను. ఇంకో మాట, వాళ్లు చెప్పాక నువ్వేం చేస్తావు? పీహెచ్‌సీలో లేడీ డాక్టర్ ఏ రోజు ఉంటారో కనుక్కోకుండా ఊళ్లో అడుగుపెట్టకు.

పాలమూరు_పిల్ల
గర్భసంచి ఉందా, తీశారా అని కూడా అడగండి అక్కా. మా పెద్దమ్మ 34 ఏళ్లకు తెల్లబట్టని ఒక ప్రైవేటు ఆస్పత్రికి వెళ్తే ఒక్క స్కాన్ తీసి "క్యాన్సర్ అవుతుంది, తీసేద్దాం" అన్నారు, మందులతో తగ్గుతుందేమో చూద్దామని ఒక్కరూ అనలేదు. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15-49 ఏళ్ల ఆడవాళ్లలో గర్భసంచి తీయించుకున్నవాళ్లు ఆంధ్రలో 8.9 శాతం, తెలంగాణలో 7.7, దేశం మొత్తం మీద 3.2. ఎన్నో ఏట తీశారు, ఏం చెప్పి తీశారు, ఇవి రాసుకోండి.

కమ్యూనిటీ_మెడిసిన్
అవును, అది తప్పక అడగాలి. తెల్లబట్ట ఉన్న ప్రతి ఒక్కరికీ ఇన్ఫెక్షన్ ఉందనుకోకూడదు కూడా. గోవాలో విక్రమ్ పటేల్ బృందం చేసిన పరిశోధనలో ఈ బాధకు ఇన్ఫెక్షన్ కంటే దిగులు, మనోవేదనతోనే ఎక్కువ సంబంధం కనిపించింది. కాబట్టి నిద్ర పడుతుందా, ఇంట్లో ఎలా ఉంది అన్నవీ అడగండి.

ఎంపీహెచ్_రెండో_ఏడాది
అందరికీ థాంక్స్. గైడ్‌తో మాట్లాడి ఫారం మారుస్తాను. పీహెచ్‌సీకి ఫోన్ చేస్తే లేడీ డాక్టర్ బుధవారం ఉంటారన్నారు. గేటు దగ్గర చెప్పినామె వస్తానంటే ఆ రోజు నేనే తోడు వెళ్తాను.