పేరెంట్స్ మీటింగుకు రాకపోతే పిల్లల చదువు పట్టనట్టేనా?

నల్లబల్ల:
కోనసీమలో ప్రభుత్వ హైస్కూల్లో లెక్కలు చెబుతాను. మొన్న మీటింగుకు మా ఎనిమిదో తరగతి 41 మందిలో 15 మంది ఇళ్ళ నుంచే వచ్చారు. అందరూ బాగా చదివే పిల్లల అమ్మానాన్నలే. ఎవరితో మాట్లాడాలో వాళ్ళు రారు. ఇంట్లో పట్టించుకోకపోతే మేం గొంతు చించుకుని ఏం లాభం?

కొబ్బరిదింపు:
మేస్టారూ, తెల్లారుజామున చెట్టెక్కితే మధ్యాహ్నం దాకా ఖాళీ ఉండదు. మీరు పదింటికి పెడతారు. కూలి వదులుకుని వచ్చి, మావాడు ఎంత వెధవో అందరి ముందూ వినాలా? ఒకసారి విన్నాను, చాలు. 2024 డిసెంబరు 7న రాష్ట్రమంతా ఒకేరోజు మెగా మీటింగు పెట్టినప్పుడు మా వైపు సార్వా కోతల పని ఇంకా ఉంది.

చెరువుగట్టు:
కూలి వంక చెప్పకండి. నాకూ రొయ్యల చెరువుంది, మేత టైముకి వెయ్యకపోతే మునుగుతాను. అయినా రోజూ రాత్రి పక్కన కూచుని మా అమ్మాయి చేత హోంవర్క్ చేయిస్తాను. మనసుంటే టైముంటుంది.

మేనమామ:
మా అక్క కువైట్‌లో ఇంటిపనికెళ్ళి నాలుగేళ్ళయింది. మేనకోడలు మా అమ్మ దగ్గరే. అమ్మది వేలిముద్ర. అంటే మీ లెక్కన మా ఇంట్లో పట్టించుకునేవాళ్ళే లేరు! కానీ అక్క ప్రతి శుక్రవారం వీడియో కాల్ చేసి సైన్సు పుస్తకం తియ్యమంటుంది. ఇప్పుడు ఒక పేజీ తెలుగు, ఎదురు పేజీ ఇంగ్లీషు కదా. పిల్ల ఇంగ్లీషు పేజీ చదివి తెలుగులో చెబుతుంది. "అదెందుకలా?" అంటుంది అక్క. పరీక్ష పెట్టడం కాదు, నిజంగానే తెలీక అడుగుతుంది. చెప్పలేకపోతే పిల్ల మర్నాడు బళ్ళో కనుక్కుని వస్తుంది. ఇక అమ్మ పనల్లా పొద్దున్నే లేపి, తల దువ్వి, చద్దన్నం పెట్టి పంపడం. నిరుడు పిల్ల బడి మానింది మూడు రోజులు, అదీ లంకలోకి నీళ్ళొచ్చినప్పుడు.

పాతబెంచీ:
చెరువుగట్టు గారూ, హోంవర్క్ కాపలా సంగతి. 2009లో నాన్సీ హిల్, డయానా టైసన్ అనే అమెరికా పరిశోధకులు మీ అమ్మాయి ఈడు పిల్లల మీద వచ్చిన 50 అధ్యయనాలు కలిపి చూశారు. హోంవర్క్‌లో సాయం చేసినంత మాత్రాన మార్కులు పెరిగినట్టు కనబడలేదు. చదువు దేనికి పనికొస్తుంది, ముందుముందు ఏం చేద్దామనుకుంటున్నావు అని మాట్లాడే ఇళ్ళలో మేలు కనబడింది. వెనకబడ్డ పిల్లలకే ఇంట్లో ఎక్కువ సాయం చేస్తారు కాబట్టి లెక్క అలా తేలిందనీ అనొచ్చు లెండి.

చెరువుగట్టు:
అమెరికా సంగతి నాకెందుకండీ. మా అమ్మాయికి 50కి 46 వచ్చాయి.

నల్లబల్ల:
మేనమామ గారి మాట మీద రాత్రంతా ఆలోచించాను. విద్యాహక్కు చట్టం ప్రకారం బడి కమిటీలో ముప్పాతిక మంది తల్లిదండ్రులే ఉండాలి, కమిటీలో సగం ఆడవాళ్ళు. మా కమిటీలోనూ ఉన్నారు, సంతకాల పుస్తకంలో. మీటింగు ఎప్పుడు పెడితే మీకు వీలని వాళ్ళనెప్పుడూ అడగలేదు. అది మా తప్పే. కానీ ఫోన్ చేస్తే ఎత్తనివాళ్ళని ఏం చెయ్యమంటారు?

కొబ్బరిదింపు:
చెట్టు మీద ఫోనెలా ఎత్తుతామండీ బాబూ! సాయంత్రం ఆరున్నరకి చెయ్యండి. మావాడు లెక్కల్లో ఎక్కడ ఆగిపోయాడో అది చెప్పండి.