రీడింగ్ బ్యాండ్ పెరగాలంటే పదాల పట్టీ బట్టీ పట్టాల్సిందేనా?

కావలి_బీటెక్:
ఐఈఎల్‌టీఎస్ అకడమిక్ (విదేశీ చదువుకి అడిగే ఇంగ్లీషు పరీక్ష, అందులో స్కోరునే బ్యాండ్ అంటారు) రాశా. లిజనింగ్ 6.5, స్పీకింగ్ 6.5, రైటింగ్ 6, రీడింగ్ 5.5. మొత్తం కలిపి 6 ఇచ్చారు. నేను అప్లై చేసిన యూనివర్సిటీకి 6.5 కావాలి, ఏ ఒక్కదాంట్లోనూ 6కి తగ్గకూడదంట. నెల్లూరులో నేను చేరిన కోచింగ్‌లో జిరాక్సు కట్ట ఒకటి చేతిలో పెట్టి రోజుకు యాభై పదాలు బట్టీ పట్టమన్నారు. ఆదివారం ఆదివారం మాక్ టెస్ట్. ఒంగోల్లో ఉండే మా బావేమో ఆ కట్ట అవతల పడేసి రోజూ హిందూ పేపరు చదవమంటాడు. మళ్ళీ అంత ఫీజు ఇంట్లో అడగాలంటే మొహం చెల్లడం లేదు. ఏ దారి పట్టమంటారు?

మూలాపేట_లెక్చరర్:
మీ బావ చెప్పిందే సరైంది. ఆ కట్టలో ఉన్నది చాలావరకు అకడమిక్ వర్డ్ లిస్ట్ అయ్యుంటుంది. న్యూజీలాండ్‌లో ఎవరిల్ కాక్స్‌హెడ్ 2000లో తయారుచేసిన పట్టీ, 570 పద కుటుంబాలు, అంటే ఒక మూలపదం, దాన్నుంచి పుట్టే రూపాలు కలిపి ఒక కుటుంబం. పట్టీని తప్పుపట్టను, మంచి పని. కానీ ఆవిడ లెక్క ప్రకారమే అకడమిక్ రాతలో నూటికి 10 మాటలు మాత్రమే ఇందులోవి. అంతకన్నా ముందు రావాల్సిన మామూలు 2000 పద కుటుంబాలే 76 దాకా ఉంటాయి. రెండూ నోటికొచ్చినా 86. ఎవరి సాయం లేకుండా పేజీ అర్థం కావాలంటే నూటికి 98 మాటలు తెలిసుండాలని పదాల మీద పనిచేసిన పాల్ నేషన్ పరిశోధన. మిగతా 12 ఏ జిరాక్సులోనూ దొరకవు బాబూ, చదవగా చదవగా రావాల్సిందే.

ఇంకోటి. పట్టీలో బట్టీ పట్టిన మాట వాక్యంలో ఎదురైతే గుర్తుపట్టడానికి ఒక్క క్షణం ఆగుతాం. మూడు పాసేజీలు, 40 ప్రశ్నలు, 60 నిమిషాలు. ఆ క్షణాలన్నీ కలిసి మూడో పాసేజీని మింగేస్తాయి.

లాయర్‌పేట_మాస్టారు:
లెక్చరర్ గారూ, నమస్కారం. 98 అన్నది ఇబ్బంది లేకుండా చదువుకోడానికి. ఈ అబ్బాయికి కావాల్సింది 6. అకడమిక్ రీడింగ్‌లో 40కి 23 దగ్గర 6 పడుతుంది, పేపర్ని బట్టి ఒకటి అటూ ఇటూ. అంటే 17 తప్పులు పోయినా గట్టెక్కినట్టే. 5.5 వచ్చినవాడు ఇంకో రెండు మూడు ప్రశ్నల దగ్గర ఆగిపోయాడంతే. దానికోసం ఏడాదిపాటు పేపరు చదవమంటారా?

నేను ఒంగోల్లో ఈ పరీక్షకే పాఠాలు చెప్తా. పొలం తాకట్టు పెట్టి సెప్టెంబర్ ఇన్‌టేక్‌లోనే కాలేజీలో చేరాలంటూ వచ్చినోళ్ళకి "చదువుతా ఉండు నాయనా, అదే వస్తది" అని చెప్పి పంపలేను.

మార్కులు పోయేది పదాల దగ్గర తక్కువ, ట్రూ, ఫాల్స్, నాట్ గివెన్ (నిజం, తప్పు, పాసేజీలో చెప్పలేదు) ప్రశ్నల దగ్గర ఎక్కువ. రొయ్యల సాగు మీద పాసేజీ వచ్చిందనుకోండి, మన నెల్లూరోళ్ళే ముందు దెబ్బతినేది. వనామీ రొయ్య గురించి, దానికొచ్చే వైట్ స్పాట్ జబ్బు గురించి మనకు ఇంట్లోనే తెలుసు గదా, పాసేజీలో లేకపోయినా ట్రూ పెట్టేస్తారు. అక్కడ రాసిందా లేదా అన్నదే ప్రశ్న. "కొన్ని చెరువుల్లో" అని పాసేజీలో ఉంటే ప్రశ్నలో "అన్ని చెరువుల్లో" అని తిప్పుతారు. ఇది పేపరు చదివితే రాదు, ప్రశ్నల మీద కూర్చుంటేనే వస్తుంది.

వేదాయపాళెం_సిస్టర్:
నేను స్టాఫ్ నర్సుని, ఓఈటీ (నర్సులు, డాక్టర్లు లాంటివాళ్ళకి పెట్టే ఇంగ్లీషు పరీక్ష) రాశా. మా పరీక్ష వేరే అయినా గోల ఇదే. మా రీడింగ్‌లో పార్ట్ ఏ 15 నిమిషాలే, నాలుగు చిన్న టెక్స్టుల మీద 20 ప్రశ్నలు. అక్కడ మాస్టారు చెప్పినట్టు వెతుక్కునే ఒడుపే కావాలి, మొత్తం చదువుతా కూర్చుంటే అయిపోయినట్టే. పార్ట్ సీకి వచ్చేసరికి మాత్రం లెక్చరర్ గారి మాటే నిజం. రాసినాయన ఉద్దేశం ఏంది అని అడుగుతారు, ఏ ట్రిక్కూ పనిచెయ్యదు.

లిజనింగ్ సంగతి ఇంకా విచిత్రం. జబ్బుల పేర్లన్నీ నాకొచ్చు, నర్సింగ్ పుస్తకాల్లో చదివినవే. పేషెంటు ఆ పేర్లతో చెప్పదు గదా! నీరసం, కళ్ళు తిరగడం, కడుపులో తిప్పడం అన్నీ ఇంట్లో మాట్లాడుకునే ఇంగ్లీషులో చెప్తది, మళ్ళీ వేయరు, ఒక్కసారే. ఏ పట్టీలోనూ అవి లేవు. యూట్యూబులో పేషెంట్లు వాళ్ళ కథ చెప్పుకునే వీడియోలు వినబట్టి పట్టుకున్నా.

చీమకుర్తి_వాసి:
ఇదంతా ఎందుకు బ్రో, పీటీఈకి మారిపో, అదీ ఇట్టాంటి ఇంగ్లీషు పరీక్షే. స్కోరు త్వరగా వస్తది.

వేదాయపాళెం_సిస్టర్:
మారితే పదాలు తప్పుతాయా తమ్ముడూ? అక్కడ రైట్ ఫ్రమ్ డిక్టేషన్ ఉంది, వాక్యం ఒక్కసారి వినిపించి అక్షరం పొల్లు పోకుండా టైపు చెయ్యమంటారు. చెవి పడనోడికి అది ఇంకా కష్టం.

మూలాపేట_లెక్చరర్:
మాస్టారూ, రొయ్యల ఉదాహరణ బాగుంది, కాదనను. మాక్ టెస్టులతో నా పేచీ వేరే. వారం వారం కొత్త పేపరు రాయించి స్కోరు గోడకి అంటిస్తారు. పేపరు అక్కడితో చెత్తబుట్టలోకి. థర్మామీటరు రోజుకు పదిసార్లు పెడితే జ్వరం తగ్గుతుందా? రాసిన పేపరునే మళ్ళీ తీసి, తప్పు పోయిన ప్రతి ప్రశ్నకూ జవాబు ఏ వాక్యంలో ఉందో గీత గీసి, మనం ఎందుకు దాటిపోయామో చూడటానికి పరీక్ష రాసినదానికన్నా ఎక్కువ సేపు పట్టాలి. ఆ పని చేయించే సెంటర్లు ఎన్ని?

లిజనింగ్ కూడా అంతే. నాలుగు పార్టులు, 40 ప్రశ్నలు, అరగంట. పార్ట్ 1లో మాట్లాడేవాళ్ళు ముందో తేదీ చెప్పి, వెంటనే కాదని ఇంకోటి చెప్తారు; మన పిల్లలు మొదటిది రాసేసుకుని అక్కడే ఉండిపోతారు. పార్ట్ 4 లెక్చరు, మధ్యలో విరామం ఉండదు. ఒక్క జవాబు జారితే వెనక రెండు పోతాయి. ఆడియో అయ్యాక స్క్రిప్టు ముందు పెట్టుకుని, చెవికి అందని చోట ఆపి, మూడు నాలుగు మాటలు విని రాసుకోవాలి. బీబీసీ 6 మినిట్ ఇంగ్లీష్ ఉచితం, స్క్రిప్టు కూడా ఇస్తారు. పినాకినిలో మద్రాసు పోయి వచ్చేలోపు ఎన్నో వినొచ్చు. కింద సబ్‌టైటిల్స్ పెట్టుకుని సినిమా చూడటం మాత్రం లిజనింగ్ ప్రాక్టీసు కాదు, అది రీడింగే.

లాయర్‌పేట_మాస్టారు:
పేపరు వెనక్కి తిరగేయించాలన్నదాంట్లో మనకి గొడవ లేదు, నా దగ్గర అదే చేయిస్తా. పట్టీని పూర్తిగా పక్కన పెట్టమంటేనే ఒప్పుకోను. తెలుగు మీడియంలో పది దాకా చదివి వచ్చినవాడికి ఆ 570 కాళ్ళ కింద నేల. అవి లేకుండా హిందూ ఎడిటోరియల్ ముందు కూర్చోబెడితే రెండో పేరా దగ్గరే నిద్రపోతాడు. ముందు పట్టీ, తర్వాత పేపరు.

సింగరాయకొండ_టు_లీడ్స్:
నేను ఇంగ్లండ్ పోయి చదివి వచ్చినవాణ్ణి. ట్రిక్కులతో 6.5 తెచ్చుకున్న మా బ్యాచ్‌లో కొందరు మొదటి సెమిస్టరు రీడింగ్ లిస్టు చూసి కళ్ళు తేలేశారు. వారానికి ఇచ్చే జర్నల్ వ్యాసాల్లో ట్రూ, ఫాల్స్ ఉండవు. మాస్టారు వీసా దాకా చూస్తున్నారు, లెక్చరర్ గారు ఆ తర్వాతది చూస్తున్నారు. వీసా రాకపోతే ఆ తర్వాతది ఎట్టాగూ లేదు, అదీ నిజమే.

కావలి తమ్ముడికి ఒక మాట. నీకు మొత్తం పరీక్ష మళ్ళీ అక్కర్లేకపోవచ్చు. కంప్యూటర్ మీద రాసినవాళ్ళకి వన్ స్కిల్ రీటేక్ ఉంది, రాసిన తేదీ నుంచి 60 రోజుల్లోపు ఒక్క రీడింగే మళ్ళీ రాయొచ్చు. అందులో 6 తెచ్చుకుంటే నాలుగూ కలిపి 25, సగటు 6.25. దాన్ని పైకి సర్ది 6.5 ఇస్తారు. అన్ని యూనివర్సిటీలూ రీటేక్ ఒప్పుకోవు, ముందు మెయిల్ పెట్టి అడుగు.

కావలి_బీటెక్:
అన్నా, ఈ సంగతి కోచింగ్‌లో ఒక్కరూ చెప్పలేదు! కంప్యూటర్ మీదే రాశా, ఇంకా నెలపైన టైముంది. ఇప్పుడే మెయిల్ పెడుతుండా. మాస్టారూ, నాట్ గివెన్ ఒక్కటే నేర్చుకోవాలంటే మీ దగ్గర ఆన్‌లైన్ క్లాసు ఉందా?

మూలాపేట_లెక్చరర్:
చేరు బాబూ, కాదనను. పాత మాక్ పేపర్లు మాత్రం పారేయొద్దు, ఈ నెలకి అవే నీ పాఠ్యపుస్తకం.