డాలులో ‘ఐ’ ఉన్న గద్ద గుండీ ఎవరిది?

మట్టిచేతులు: అమెరికాలోని వర్జీనియాలో ఒక రైతును అడిగి ఆయన పొలంలో మెటల్ డిటెక్టర్ తిప్పితే, జానెడు లోతులో ఈ గుండీ దొరికింది. రెక్కలు చాచిన గద్ద, రొమ్ము మీద డాలు, డాలులో ‘ఐ’. వెనక చిలుము పట్టి ‘విల్ ఎం’ ఒక్కటే కనబడుతోంది. ఏ కాలంది? ఎలా శుభ్రం చేయాలి? ఎంత పలుకుతుంది?

పాతలోహం: ‘ఐ’ అంటే ఇన్‌ఫాంట్రీ, అంటే కాల్బలం. గుండీ ఆఫీసర్‌ది. అమెరికా అంతర్యుద్ధం (సివిల్ వార్)లో యూనియన్, అంటే ఉత్తరాది, సిపాయిల గుండీల మీద డాలులో అక్షరం ఉండదు.

లోతుసిగ్నల్: రాత్రంతా వెనిగర్‌లో వేసి టూత్‌బ్రష్‌తో రుద్దు, తళతళలాడుతుంది. నేనెప్పుడూ అంతే.

చిలుము_ముద్దు: దయచేసి ఆ పని చేయకండి! పామెట్టో అనే తాటిజాతి చెట్టు బొమ్మున్న సౌత్ కరోలినా గుండీని నేను అలాగే పాడు చేసుకున్నా. చిలుముతోపాటు దాని కింద మిగిలిన బంగారు పూత కూడా లేచిపోయింది, చెట్టు ఆకులు నున్నగా అరిగిపోయాయి. నాలుగేళ్ళయినా ఆ డబ్బా తెరిస్తే కడుపు తరుక్కుపోతుంది.

లోతుసిగ్నల్: నువ్వు గట్టిగా రుద్ది ఉంటావు, తప్పు వెనిగర్‌ది కాదు. నావి యాభై బాగానే ఉన్నాయి.

చిలుము_ముద్దు: బాగున్నాయని నువ్వంటే సరిపోదు బాస్. ఇవి రెండు రేకులు కలిపి అంచు మడిచిన గుండీలు, లోపల బోలు. పులుపు లోపలికి దిగితే కడిగినా పోదు, లోపల్నుంచి తినేస్తుంది.

పాతలోహం: ఇరవై ఏళ్ళుగా ఇదే పని మీద ఉన్నాను, చిలుము_ముద్దు చెప్పిందే నిజం. గొడవ ఆపి వెనక ముద్ర చూడండి. అది స్కోవిల్ అనే గుండీల కంపెనీ పేరు అయి ఉండాలి. ‘ఎం’ దగ్గర మాన్యుఫ్యాక్చరింగ్ అని ఉంటే 1850కి ముందుది కాదు, కంపెనీకి ఆ పేరు వచ్చింది అప్పుడే. 1902లో గద్ద డిజైనే మారిపోయింది. అంటే ఆ మధ్యది.

కిరీటంవేట: ఇంగ్లండ్‌లో మాకు కిరీటమే లెక్క. 1871 తర్వాత సిపాయిల గుండీల మీద రెజిమెంట్ నంబర్ తీసేశారు, ఆ తర్వాతి ఏళ్ళవన్నీ ఒకేలా ఉంటాయి, ఎవరివో తేల్చలేక చస్తున్నాం.

పాతలోహం: అన్నా, దానికి వేరే చర్చ పెట్టుకో.

గట్టుమీద: రైతు అనుమతి తీసుకున్నందుకు సంతోషం. ఫెడరల్ (కేంద్ర ప్రభుత్వ) భూమిలో వందేళ్ళు దాటిన పురావస్తువులను పర్మిట్ లేకుండా తవ్వి తీస్తే 1979 చట్టం కింద నేరం. యుద్ధభూమి పార్కుల్లో డిటెక్టరే తేకూడదు. మా బృందంలో ఒకడు ఈ మాట వినక మెషిన్ పోగొట్టుకున్నాడు.

లోతుసిగ్నల్: ఇక్కడ పార్కు మాట ఎవరెత్తారు?

గట్టుమీద: కొత్తవాళ్ళు చదువుతారని చెప్పా. నీకెందుకు మంట?

మట్టిచేతులు: వెనిగర్ వాడలేదు. మామూలు నీళ్ళలో తడిపి, వెదురు పుల్లతో ఒక్కో అక్షరం చుట్టూ నెమ్మదిగా గీకాను, గంటన్నర పట్టింది. ‘స్కోవిల్ ఎంఎఫ్‌జి కో వాటర్‌బరీ’! గద్ద ఎడమ రెక్క కింద గోరంత బంగారు పూత ఇంకా మెరుస్తోంది. ఇక అమ్మను. రేపు మళ్ళీ ఆ గట్టుకే వెళ్తున్నా.