«కలఁడో లేఁడో» అన్న సందేహం భక్తికి విరోధమా?

మాస్టారూ, భాగవతంలో మొసలికి కాలు చిక్కిన పరమభక్తుడైన గజేంద్రుని నోట పోతన «కలఁడు గలం డనెడువాఁడు గలఁడో లేఁడో» అన్న పాదాన్ని ఎందుకు పెట్టారని మీరు అడిగిన ప్రశ్నకు ఆ ఒక్క పద్యంలో జవాబు దొరకదని, తరువాతి పద్యాలతో కలిపి చదివితేనే అది బోధపడుతుందని నా అభిప్రాయం.

సంస్కృత భాగవత మూలంలోని గజేంద్రస్తుతిలో ఇటువంటి సందేహం కనబడదు. ఇది పోతన చేర్చినది. «కలఁ డందురు దీనులయెడ» అని మొదలయ్యే ఆ కందంలో ఉన్నదంతా నలుగురూ చెప్పుకునే మాటే కనుక భగవంతుడు అక్కడ ప్రథమపురుషలోనే ఉంటాడు. కొంతసేపటికి «లావొక్కింతయు లేదు» అనే శార్దూలం వస్తుంది. బలం పోయింది, ధైర్యం సడలింది, మూర్ఛ కమ్ముకుంటోంది అని చెప్పి, «నీవే తప్ప నితఃపరం బెఱుఁగ» అంటూ గజేంద్రుడు నేరుగా ఆయనతోనే మాట్లాడతాడు. ఇక సందేహం తీరిపోయిందనుకుంటాం, కానీ తీరలేదు. ఆ వెనుకనే వచ్చే «విను దఁట జీవుల మాటలు» అనే కందం «సందేహ మయ్యెఁ గరుణావార్ధీ» అని ముగుస్తుంది. నీవు వింటావట, పిలిస్తే పలుకుతావట అని ఎత్తిపొడిచి, సందేహంగా ఉందని ముఖానే చెప్పి, అదే పాదంలో ఆయనను దయాసముద్రుడా అని పిలవడం కన్నా పెద్ద నమ్మకం ఏముంటుందో నాకు తోచడం లేదు.

ఇక కర్మ మాట. ఇంద్రద్యుమ్న మహారాజు అగస్త్యుని శాపం వల్ల ఏనుగుగా, హూహూ అనే గంధర్వుడు దేవలుని శాపం వల్ల మొసలిగా పుట్టారని శుకుడు పరీక్షిత్తుకు చెప్పేది మొసలి చచ్చి, ఏనుగు గట్టెక్కిన తరువాతనే. మడుగులో కాలు చిక్కుకుని ఉన్నంతసేపూ గజేంద్రునికి ఎవరూ వచ్చి అతని పూర్వజన్మ లెక్క చదివి వినిపించలేదు. మన గోదావరి జిల్లాల్లో ఏటికి వరద వచ్చి లంకలు మునిగినప్పుడల్లా బాధితుల ముందు నిలబడి «చేసుకున్న కర్మ» అనే పెద్దలు ఈ వరుసను గమనించాలని నా కోరిక.

1996 నవంబరు 6 నాటి తుఫాను మన తీరంలో వెయ్యిమందికి పైగా ప్రాణాలు తీసింది. కోనసీమలో కొబ్బరితోటలు నేలమట్టమయ్యాయి. నిలబడి ఉన్న చెట్లలో కూడా మొవ్వు విరిగినవి మరి చిగురించవు. మరునాడు మా మేనత్త, పడిపోయిన పెంకుటింటి ముందు, తడిసిన దేవుడి పటాన్ని కొంగుతో తుడుస్తూ «ఏం చూస్తూ కూర్చున్నావయ్యా స్వామీ?» అని గట్టిగానే అడిగింది. చదువుకోని మనిషి, పోతన పేరు విన్నదో లేదో కూడా చెప్పలేను. ఆ నిలదీత దైవదూషణ అని చుట్టూ ఉన్నవారెవరూ అనుకోలేదు, ఎందుకంటే అడుగుతున్నది ఆయననే గదా.

ఈ చర్చలో మరొక సభ్యులు లేవనెత్తిన అభ్యంతరం ఇంతకన్నా బరువైనది: గజేంద్రుడు బతికాడు, ఆ తుఫాను రాత్రి దేవుణ్ణి పిలిచినవారందరూ బతకలేదు. దీనికి ఈ పద్యాలు జవాబు చెప్పవు, చెప్పినట్టు మనం నటించకూడదు. భగవంతుడు మంచివాడని నేను నమ్ముతాను, కానీ ఆ నమ్మకాన్ని చూపించి ఆ ఇళ్లవారి ప్రశ్నను మానిపించే అధికారం నాకు లేదు, పోతన కూడా గజేంద్రుని ప్రశ్నను మానిపించలేదు.

అందుచేత మాస్టారూ, తరగతిలో చెప్పేటప్పుడు «కలఁ డందురు» పద్యాన్ని విడిగా బట్టీ పట్టించకుండా, «లావొక్కింతయు», «విను దఁట» పద్యాలను కూడా జోడించి, ఆ వరుసలోనే పిల్లల చేత చదివించవలసిందిగా మనవి చేస్తున్నాను.