జిన్నింగ్ మిల్లు వ్యవసాయం కిందికి వస్తుందా, పరిశ్రమ కిందికా?

ఆదోని_లెక్కలు:
ఆదోనిలో ఒక జిన్నింగ్ మిల్లులో, అంటే పత్తి నుంచి గింజనూ దూదినీ వేరు చేసే మిల్లులో, పన్నెండేళ్లుగా అకౌంట్స్ చూస్తున్నాను. పోయిన నెల లోన్ కోసం ఒక బ్యాంకుకు వెళ్తే, అక్కడి ఆఫీసర్ మా ప్రాజెక్టు రిపోర్టులో నిక్ కోడ్ చూసి, "ఇది 01తో మొదలైంది, వ్యవసాయం కదా! ఫ్యాక్టరీ లోన్ ఎందుకు అడుగుతున్నారు?" అని ఫైలు పక్కన పెట్టేశారు. సీజన్ ముందు ఈ టెన్షన్ ఏమిటో మిల్లులో పనిచేసిన వాళ్లకే తెలుస్తుంది.

తెలియని వాళ్ల కోసం చెబుతున్నాను. మన దేశంలో ప్రతి వ్యాపారానికీ జాతీయ పారిశ్రామిక వర్గీకరణలో ఒక నంబరు ఉంటుంది. దాన్నే నిక్ కోడ్ అంటాం. 2008 జాబితాలో 01 నుంచి 03 వరకు వ్యవసాయం, అడవులు, చేపలు. 10 నుంచి 33 వరకు తయారీ. పత్తి జిన్నింగ్, శుభ్రం చేయడం, బేళ్లు కట్టడం 01632లో ఉన్నాయి. రైస్ మిల్లు మాత్రం 10612. మేం అమ్మిన గింజలతో నూనె తీసే పక్క మిల్లు కూడా 10లోనే ఉంది. మా దగ్గర రోలర్ మెషిన్లు, ప్రెస్సు, పెద్ద కరెంటు కనెక్షన్, ఫ్యాక్టరీ లైసెన్సు అన్నీ ఉన్నాయి. దీన్ని తయారీలోకి మార్చాలని నా వాదన. మీరేమంటారు?

పత్తిచేను:
నేను ఒప్పుకోను అన్నా. మాది వరంగల్ దగ్గర ఊరు, నాన్న ఇప్పటికీ పత్తే వేస్తాడు. వరి కోశాక నూర్పిడి చేస్తాం, గడ్డి వేరు, గింజ వేరు అవుతాయి. మిషన్‌తో నూర్చినా దాన్ని ఎవరూ పరిశ్రమ అనరు. జిన్నింగ్ అంటే పత్తికి నూర్పిడే. గింజ, దూది రెండూ కాయలోనే ఉన్నాయి, మిల్లు వాటిని విడదీస్తుంది అంతే. కొత్తగా ఏం తయారైంది? దారం వడికితే తయారీ, బట్ట నేస్తే తయారీ.

గుంటూరు_ఆడిటర్:
విడదీయడమే కొలత అయితే రైస్ మిల్లు కూడా ఊకనూ బియ్యాన్నీ విడదీసేదే కదండీ. దాని మీద 2017 నవంబర్‌లో జీఎస్టీ సర్క్యులర్ కూడా వచ్చింది. వడ్లు మర పట్టడం సాధారణంగా రైతు పొలం దగ్గర చేసే పని కాదు, మిల్లర్లు చేసే పని, కాబట్టి ఇలా ఇతరుల వడ్లను కూలికి మర పట్టే పని (జాబ్ వర్క్) మీద పన్ను కట్టాల్సిందేనని అందులో తేల్చారు. ఆ తర్కం జిన్నింగ్‌కు ఇంకా బాగా సరిపోతుంది. ఈ రోజుల్లో ఏ రైతు ఇంట్లో దూది తీస్తున్నాడు?

లెక్కల_విద్యార్థి:
ఎం.ఏ. స్టాటిస్టిక్స్ చదువుతున్నాను. చరిత్ర కూడా చూడాలి. 1987 నాటి నిక్‌లో జిన్నింగ్ పత్తి బట్టల తయారీ విభాగంలోనే ఉండేది. తర్వాత ఐక్యరాజ్యసమితి వర్గీకరణకు అనుగుణంగా మార్చినప్పుడు వ్యవసాయ సేవల్లోకి వెళ్లింది. "పంటను ప్రాథమిక మార్కెట్‌కు సిద్ధం చేసే పని" అనేది ఆ వర్గీకరణ చెప్పే కారణం.

అసలు చిక్కు ఇక్కడ ఉంది. జాతీయ ఆదాయం లెక్కించేటప్పుడు 01632ని మళ్లీ బట్టల తయారీతో కలిపేస్తారు. ఉపాధి సర్వేలో మాత్రం మనిషి పనిచేసే చోటు కోడ్‌ను బట్టి లెక్క వేస్తారు. అంటే మిల్లు సంపాదన పరిశ్రమ ఖాతాలో, ఆ మిల్లు కూలీ వ్యవసాయం ఖాతాలో పడతారు. ఏదో ఒకటి తేల్చాలి గానీ ఇలా రెండు రకాలుగా ఉంటే ఒక్కో మనిషి ఎంత ఉత్పత్తి చేస్తున్నారనే లెక్కకు అర్థం ఉండదు.

ఆదోని_లెక్కలు:
తమ్ముడూ, ఆ "ప్రాథమిక మార్కెట్" మాట చెప్పి మంచి పని చేశావు. రెండు రోజులుగా నేను ఆలోచిస్తున్నది అదే.

పత్తికి మన దగ్గర ప్రాథమిక మార్కెట్ ఏది? ఆదోని యార్డు, ఆదిలాబాద్ యార్డు, వరంగల్ ఎనుమాముల. రైతు అక్కడికి తెచ్చేది గింజతో ఉన్న పత్తి. తేమ చూసేది దానికే, వేలం పాడేది దానికే. 2025-26లో పొడవు పింజ పత్తికి క్వింటాల్‌కు 8,110 రూపాయల మద్దతు ధర ప్రకటించిందీ దానికే. రైతు డబ్బు తీసుకుని ఇంటికి వెళ్లిపోయాక మా పని మొదలవుతుంది. క్వింటాల్ పత్తికి 33, 34 కిలోల దూది వస్తుంది. 170 కిలోల బేలు ఒకటి కట్టాలంటే ఐదు క్వింటాళ్లు ఆడించాలి. ధర పడిపోతే నష్టపోయేది మిల్లు, ఆ పత్తి పండించిన రైతు కాదు.

అమెరికాలో అలా కాదు. అక్కడ రైతు పత్తిని జిన్నుకు తీసుకెళ్లి, ఆడించిన ఖర్చు గింజల్లో సర్దుబాటు చేసుకుని, బేళ్లు తన పేరు మీదే అమ్ముకుంటాడు. అక్కడ జిన్నింగ్ రైతుకు చేసే సేవ. ఆ కోడ్ వాళ్లకు సరిపోవచ్చు, మనకు సరిపోదు. పత్తిచేను తమ్ముడు చెప్పిన నూర్పిడి పోలిక కూడా ఇక్కడే ఆగిపోతుంది. నూర్పిడి అమ్మకానికి ముందు, రైతు ఖర్చుతో జరుగుతుంది. జిన్నింగ్ అమ్మకం తర్వాతి పని.

పత్తిచేను:
యార్డు సంగతి నేను ఆలోచించలేదు అన్నా, అది నిజమే. ఇంకో మాట చెప్పాలి. మా అమ్మ నాలుగు సీజన్లు జిన్నింగ్ మిల్లుకు పోయింది. ముక్కుకు కొంగు కట్టుకుని పోయేది, రాత్రి దగ్గుతూ వచ్చేది. జుట్టు నిండా దూది. చేలో పత్తి ఏరినప్పుడు ఎప్పుడూ అట్లా దగ్గలేదు. లెక్కల్లో ఆ నాలుగు నెలలు కూడా ఆమె వ్యవసాయ పనిలోనే ఉన్నట్టా?

గుంటూరు_ఆడిటర్:
కోడ్ ప్రకారం అంతేనండీ. కానీ చట్టం ఈ మిల్లులను ఎప్పుడో ఫ్యాక్టరీలుగా గుర్తించింది. జిన్నింగ్, ప్రెస్సింగ్ ఫ్యాక్టరీల పేరుతోనే 1925లో ఒక చట్టం వచ్చింది. 1948 ఫ్యాక్టరీల చట్టం 27వ సెక్షన్ అయితే, పత్తి ప్రెస్సింగ్ ఫ్యాక్టరీలో కాటన్ ఓపెనర్ (దూదిని విప్పే యంత్రం) నడిచే చోట ఆడవాళ్లను, పిల్లలను పెట్టకూడదని చెప్పేది. అమ్మ దగ్గు సంగతి డాక్టరుకు చూపించారా? ఇప్పటికీ ఉంటే తప్పకుండా ఊపిరితిత్తుల పరీక్ష చేయించండి, మిల్లులో పనిచేసినట్టు డాక్టరుకు చెప్పండి.

పత్తిచేను:
ఇప్పుడు తక్కువే అండీ. అయినా ఈ వారం తీసుకెళ్తాను. అన్నా, మార్చాలన్న నీ మాటకు నేనూ ఒప్పుకుంటున్నాను.

ఆదోని_లెక్కలు:
అమ్మను ముందు చూపించు తమ్ముడూ. నేను సోమవారం బ్యాంకుకు ఫ్యాక్టరీ లైసెన్సు కాపీ, కరెంటు బిల్లు పట్టుకుని వెళ్తున్నాను. కరెంటు టారిఫ్‌లో జిన్నింగ్, ప్రెస్సింగ్ సీజనల్ పరిశ్రమల్లో ఉన్నాయి, ఆ పేజీ కూడా జత చేస్తాను. ఏమన్నారో ఇక్కడే రాస్తాను.