జోన్ ఎర్డ్లీ బొమ్మలు చూడాలంటే ఎడిన్‌బరో వెళ్ళాలా, గ్లాస్గోనా, ఆబర్డీనా?

స్కాట్లండ్‌లో ఉంటున్న తెలుగువాళ్ళు ఎవరైనా కాస్త సాయం చేయండి. ఏప్రిల్‌లో అక్కడికి వస్తున్నాం. జోన్ ఎర్డ్లీ బొమ్మలు ఫోన్‌లో చూసి చూసి విసుగొచ్చింది, అసలువి చూడాలి.

ఆవిడ పుట్టింది 1921లో, ఇంగ్లండ్‌లోని ససెక్స్‌లో. అయినా స్కాట్లండ్ చిత్రకారిణి అనే అంటారు. గ్లాస్గో ఆర్ట్ స్కూల్లో చదివి, టౌన్‌హెడ్ అనే పేదల పేటలో స్టూడియో పెట్టి, వీధి పిల్లల బొమ్మలు వేశారు. చిరిగిన స్వెటర్లు, మెల్లకళ్ళు, చేతిలో కామిక్స్. ఎక్కడా జాలి చూపించరు, నాకు అదే నచ్చింది. తర్వాత కాటర్‌లైన్ అనే చిన్న జాలరి పల్లెలో ఇల్లు తీసుకుని, తుఫాను గాలిలో సముద్రం ఒడ్డునే నిలబడి పెద్ద పెద్ద అట్టల మీద అలల్ని వేసేవారు. కొన్ని పొలాల బొమ్మల్లో రంగుతో పాటు గడ్డి గింజలు కూడా అతుక్కుని ఉంటాయట! అది ఫోటోలో తెలిసేది కాదు కదా. 1963లో, 42 ఏళ్ళకే క్యాన్సర్‌తో పోయారు. అస్థికలు ఆ ఊరి తీరంలోనే కలిపారు.

ఎడిన్‌బరో నేషనల్ గ్యాలరీల్లో, గ్లాస్గో కెల్విన్‌గ్రోవ్‌లో, ఆబర్డీన్‌లో ఆవిడ బొమ్మలు ఉన్నాయని తెలుసు. కానీ ఇప్పుడు గోడ మీద ఉన్నవెన్ని, గోడౌన్లో ఉన్నవెన్ని? ముందే మెయిల్ పెడితే లోపలివి చూపిస్తారా? స్టోన్‌హేవెన్ స్టేషన్‌లో దిగితే కాటర్‌లైన్‌కి బస్సు ఉంటుందా, టాక్సీయే గతా? అమ్మకి మోకాళ్ళ నొప్పులు, రేవు దాకా దిగే దారి బాగా ఏటవాలుగా ఉంటుందా?