స్టట్‌గార్ట్, జర్మనీ: కంపెనీలో రీస్ట్రక్చరింగ్, సంతకం పెట్టమంటున్నారు. సలహా చెప్పండి

అందరికీ నమస్కారం. ఇక్కడ ఆటో పార్ట్స్ కంపెనీలో డిజైన్ ఇంజనీర్‌ని. వచ్చి ఏడాది దాటింది, బ్లూ కార్డ్ (చదువుకున్న విదేశీ ఉద్యోగులకిచ్చే పర్మిట్) ఉంది. మా డిపార్ట్‌మెంట్ ఎత్తేస్తున్నారు. హెచ్‌ఆర్ వాళ్లు పిలిచి, మీ అంతట మీరు వెళ్లిపోతే కొంత డబ్బిస్తామని ఒక కాగితం చేతిలో పెట్టారు. శుక్రవారంలోగా సంతకం చేయాలట. ఏం చేయమంటారు?

*

తమ్ముడూ, చెయ్యకు. అది ఆఫ్‌హేబుంగ్స్‌ఫెర్ట్రాగ్, అంటే ఇద్దరూ ఒప్పుకుని ఉద్యోగం ముగించే ఒప్పందం. సంతకం పెడితే వాళ్లు తీసేసినట్టు కాదు, నువ్వే ఒప్పుకుని మానేసినట్టు. నిరుద్యోగ భృతి మామూలుగా 12 వారాలు ఆపేస్తారు. తొందర వాళ్లది, నీది కాదు. లాయరుకు చూపించాలి, టైం కావాలని మెయిల్ పెట్టు.

నీ పనిలో లోపమని మాత్రం కుమిలిపోకు. 2028లోగా జర్మనీలో 14,000 దాకా ఉద్యోగాలు తగ్గిస్తామని ఆటో పార్ట్స్ కంపెనీ జెడ్‌ఎఫ్ 2024లోనే చెప్పింది. 2025 సెప్టెంబర్‌లో అలాంటి కంపెనీయే బాష్, ఇంకో 13,000 అంది. డీజిల్ ఇంజన్‌కు కావాల్సినంత మంది ఎలక్ట్రిక్ మోటారుకు అక్కర్లేదు. పైగా ఎలక్ట్రిక్ కార్లూ అనుకున్నంతగా అమ్ముడుపోలేదు.

రేపే బెట్రీబ్స్‌రాట్ (కంపెనీలో ఉద్యోగులు ఎన్నుకున్న కమిటీ) వాళ్లను కలువు. వాళ్ల అభిప్రాయం అడక్కుండా ఎవరినైనా తీసేస్తే అది చెల్లదు. సర్వీసు, వయసు, పోషించాల్సినవాళ్లు, వైకల్యం చూసి ఎవరిని తీయాలో కంపెనీ తేల్చాలి. కొత్తవాడివి కాబట్టి నీ పేరు ముందుండొచ్చు, అయినా ఆ లెక్క అడుగు.

నిజంగా తీసేస్తే ఉత్తరం కాగితం మీద, పెన్నుతో చేసిన సంతకంతో రావాలి. మెయిల్ చెల్లదు. అందిన 3 వారాల్లోగా లేబర్ కోర్టులో కేసు వేయాలి, లాయరు లేకుండానూ వేయొచ్చు. నువ్వు ఇండియాలో సెలవులో ఉన్నా, పోస్టు డబ్బాలో పడితే అందినట్టే లెక్క. సంక్రాంతికి ఊరెళ్తుంటే డబ్బా తాళం నమ్మకమైనవాళ్లకిచ్చి వెళ్లు.

*

అన్నయ్యగారు చెప్పింది అక్షరాలా నిజం. మావారి కంపెనీలో ఇద్దరు కంగారులో సంతకం పెట్టేసి చాలా ఇబ్బంది పడ్డారు.

వీసా సంగతి కూడా చూసుకోండి. ఉద్యోగం పోయిందని తెలిసిన 2 వారాల్లోగా ఫారినర్స్ ఆఫీసుకు రాతపూర్వకంగా చెప్పాలి. తీసేసిన ఉత్తరం రాగానే, 3 రోజుల్లోగా ఆర్బైట్స్‌అగెంటూర్‌లో (ప్రభుత్వ ఉపాధి ఆఫీసు) పేరు నమోదు చేసుకోండి, ఆన్‌లైన్‌లో అయిపోతుంది. జర్మన్ భాషలో బీ1 స్థాయి పాసైతే బ్లూ కార్డ్ మీద 21 నెలలకే పర్మనెంట్ నివాసానికి పెట్టుకోవచ్చు, కింది స్థాయి ఏ1తో అయితే 27. కాబట్టి ఉద్యోగంలో గడిచే ప్రతి నెలా మీకు లాభమే, నోటీసు పీరియడ్ వదులుకోకండి.

కాంట్రాక్ట్‌లో అది ఎన్ని నెలలుందో చూసి ఇక్కడే రాయండి.